ఎడమ కాలువ మీద చలికాలం

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్కన నిలబడి చూస్తే నగరం మొత్తం ఎక్కడికో వలస పోతున్నట్టు ఉంటుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర మొదలైన బారు కొర్లపహాడ్ దగ్గర మళ్ళీ చిక్కుబడుతుంది. కార్ల నెత్తిన సూట్‌కేసులు, వెనక సీట్లో ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయే పిల్లలు, ఎంతకీ కదలని బండికి అడుగడుగునా హారన్. వీళ్ళలో ఎక్కువమందికి సూర్యాపేట అంటే టీ తాగే చోటు. కోదాడ అంటే తెలంగాణ అయిపోయిందన్న గుర్తు. మిర్యాలగూడ అయితే ఆ దారిలోనే లేదు, కోదాడ నుంచి 167వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పడమరకు తిరగాలి. పండుగ కోసం పరుగెత్తేవాళ్ళు పట్టించుకోని ఈ మూడు ఊళ్ళ మధ్య డిసెంబరు, జనవరి నెలల్లో నింపాదిగా తిరిగినవాళ్ళకు చలికాలం ఇంకో రకంగా కనబడుతుంది.

చలికాలపు సుఖం మీద రాసేవాళ్ళు మామూలుగా దుప్పటి, వేడి టీ, చేతిలో పుస్తకం దగ్గర ఆగిపోతారు. 2016 ప్రాంతంలో డెన్మార్క్ వాళ్ళు ‘హ్యూగె’ అని పిలిచే వెచ్చని ఇంటిసుఖం మీద పుస్తకాలు దేశదేశాల్లో అమ్ముడుపోయాక ఈ ధోరణి ఇంకాస్త ముదిరింది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దుగూకే కోపెన్‌హేగన్‌లో కొవ్వొత్తి ముట్టించుకుని నలుగురూ దగ్గరగా కూచోవడం గొప్ప సుఖమే, కాదనేది లేదు. ఇక్కడ ఆ వేళకు ఎండ ఇంకా చేలమీద పరుచుకునే ఉంటుంది. వడ్లు తిరగేసేవాళ్ళు తిరగేస్తుంటారు, నారుమడికి పరదా కప్పేవాళ్ళు బయల్దేరుతుంటారు. పని మానుకుని అనుభవించే సుఖం కాదిది. పని సందుల్లో దొరికేది.

సూర్యాపేటకు భానుపురి అని ఇంకో పేరుంది. పేరు నిండా సూర్యుడే అయినా పుష్యమాసంలో ఆయన ఊళ్ళోకి వచ్చేసరికి ఏడు కావస్తుంది. అప్పటికే బస్టాండు ముందర ఆటోవాళ్ళు అట్టపెట్టెలు, ఎండు కొమ్మలు పోగేసి మంట వేసుకుని ఉంటారు. కొత్తమనిషి వస్తే కొంచెం జరిగి చోటిస్తారు. ఏ ఊరు, ఏం పని అన్న ఆరాలు ఆ తర్వాత. “రా అన్నా, ఇగం పెడుతున్నది, జరసేపు కాగిపో” అని పిలిచిన మనిషే ప్యాసింజర్ కనబడగానే సగం మాటలో లేచిపోతాడు. అతని చోటు నిమిషం కూడా ఖాళీగా ఉండదు.

నిజానికి ఇది ఆదిలాబాద్ చలి లాంటిది కాదు. రాత్రిళ్ళు పదిహేను డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. ఉత్తరాదివాళ్ళు వింటే నవ్వుతారు. కానీ మే నెలలో నలభై అయిదు దాకా చూసే ఒంటికి ఆ పదిహేను చాలు, అటక మీది మంకీ క్యాపు కిందికి దించడానికి.

ఆ మంటల దగ్గర ఆగకుండా, కాళ్ళకు చెప్పులైనా లేకుండా నడిచిపోయేవాళ్ళు అయ్యప్ప స్వాములు. నవంబరు నడుమ మొదలైన దీక్షలు జనవరిలో మకరజ్యోతి దాకా సాగుతూనే ఉంటాయి. నలభై ఒక్క రోజులు తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, ఒంటిపూట భోజనం. హమాలీ, షావుకారు, కానిస్టేబుల్, డిగ్రీ చదివే కుర్రాడు అందరూ ఒకరికొకరు “స్వామీ”. ఇంట్లో కన్నతల్లి కూడా కొడుకును స్వామీ అనే పిలుస్తుంది. తక్కువతో బతకడం ఎలాగో పుస్తకాలు కొని నేర్చుకునేవాళ్ళు చూడదగ్గ ఏర్పాటు ఇది. చలికాలం వచ్చిందంటే వేలమంది చడీచప్పుడు లేకుండా అందులోకి దిగుతారు. చప్పుడు అసలే లేదంటే అబద్ధమవుతుందేమో. పడిపూజ రాత్రి సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీల మీద దాతల ఫొటోలు కూడా ఈ దీక్షలో భాగమైపోయాయి.

ఊరి చలికాలాన్ని పళ్ళేల్లో పెట్టి చూపించేది కూరగాయల మార్కెట్. గోనెసంచి మీద పచ్చి కందికాయల కుప్ప. పత్తిచేలో సాళ్ళ మధ్య వేసిన కంది ఈ రోజుల్లోనే కాయ పడుతుంది. ఉప్పేసి ఉడకబెట్టి, ఒలుచుకుంటూ తింటుంటే ఒక్కరితో ఆగే తిండి కాదు, చుట్టూ నలుగురు చేరాల్సిందే. పక్కనే కట్టలు కట్టిన గేగులు. వానాకాలంలో రాలిన తాటిపండ్ల టెంకలను మట్టిలో పాతరేస్తే చలికాలానికి మొలకెత్తి వేలెడు లావున ఊరతాయి. కాల్చినా, ఉడకబెట్టినా పీచు తీసుకుంటూ ఓపిగ్గా నమలాలి. తొందరున్నవాడికి గేగు పనికిరాదు. ఇంకో పక్క చిక్కుడుకాయ, ఉసిరికాయ, గ్లాసుతో కొలిచే రేగుపండ్లు. వాటన్నిటికంటే ఎక్కువమందిని ఆపేది పచ్చి చింతకాయ. ముదిరిన కాయ తెచ్చి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తుతారు. మూడో రోజు తీసి గింజలు, ఈనెలు ఏరేసి మళ్ళీ దంచుతారు. ఆ తొక్కు ఏడాదంతా ఉంటుంది. ఇంట్లో కూర లేని పూట రెండు మిరపకాయలు వేయించి నూరుకుంటే అన్నం దిగిపోతుంది.

మిక్సీలు వచ్చి ముప్పై నలభై ఏళ్ళయినా చింతకాయ తొక్కుకు మాత్రం రోలు వెతుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మూడిళ్ళకు ఒక రోలు మిగిలింది. ఆ ఒక్క రోలు దగ్గరే మూడిళ్ళవాళ్ళూ ఒకచోట చేరుతున్నారు. సకినాల విషయమూ అంతే. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తడి బట్ట మీద చేత్తో చుట్లు చుట్టాలి. ఒక్కరు కూచుంటే పొద్దంతా పడుతుంది. అందుకని ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని బదులు పెట్టుకుంటారు. చుట్టేవాళ్ళ చేతుల కంటే నోళ్ళు వేగంగా ఆడతాయి. వాడకట్టులో ఏడాదిగా పేరుకున్న కబుర్లన్నీ ఆ బట్ట చుట్టూనే తేలిపోతాయి. సూర్యాపేట ఇళ్ళలో సకినాలది పైచేయి, కోదాడ వైపు పోయేకొద్దీ అరిసెలు ముందుకొస్తాయి. చాలా ఇళ్ళలో రెండూ ఉంటాయి, ఆ గొడవే లేదు.

ఊరి బయట ఈతవనాల్లో మరో సందడి. ఈత కల్లుకు ఇదే కాలం. చలికి పులవడం నెమ్మదిస్తుంది గనక తెల్లవారి దించిన కల్లులో తీపి కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. గౌడన్న చెట్టు దిగేలోపే కింద గిరాకీ చేరి ఉంటుంది.

పట్టణానికి కూతవేటు దూరంలో పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల ఊరు. బేతిరెడ్డి భార్య ఎరుకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం, నామిరెడ్డి పేర వెలసిన నామేశ్వరాలయం ఇక్కడే ఉన్నాయి. పదిహేనో శతాబ్దపు కవి పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా ఈ ఊరే. నునుపు తేలిన నల్లరాతి స్తంభాల్లో ముఖం కనబడుతుందని చూడవచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఊరివాళ్ళకు ఆ గుడి ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. తూర్పు వైపు అరుగుకు తొలి ఎండ తగులుతుంది. ముసలివాళ్ళు అక్కడ వీపు కాచుకుంటూ కూచుంటారు, ఎండ జరిగినకొద్దీ వాళ్ళూ జరుగుతారు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఈ రాళ్ళ పక్కన చలికాలపు పొద్దున్నే ఎవరో ఒకరు ఇలా కూచునే ఉంటారనిపిస్తుంది. గుడి కట్టినవాళ్ళు చెరువూ తవ్వించడం ఆ కాలపు పద్ధతి. ఎండకు అరుగు, పంటకు నీరు. రాజుల గొప్పల కంటే ఆ చిన్న ముందుచూపే మెచ్చుకోదగ్గది.

సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతుంటే రోడ్డు పక్కనే దురాజ్‌పల్లి గుట్ట. మామూలు ఏడాదిలో చలికాలమంతా అది నిశ్శబ్దంగా ఉంటుంది. బేసి సంవత్సరాల మాఘమాసంలో మాత్రం ‘ఓ లింగా’ అన్న కేకలతో, భేరీల మోతతో, కాళ్ళ గజ్జెలతో గుట్ట గుట్టంతా ఊగిపోతుంది. పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర యాదవుల పండుగ. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది, లక్షల మంది వస్తారు, జాతీయ రహదారి మీది బండ్లను వేరే దారులకు మళ్ళిస్తారు. 2023లో, 2025లో జరిగింది. మేడారం సరి సంవత్సరాల్లో, పెద్దగట్టు బేసి సంవత్సరాల్లో. తెలంగాణలో చలికాలం చివరికి వచ్చేసరికి ఏదో ఒక గట్టు మీద జనం ఉండాల్సిందేనన్నట్టు ఏర్పాటు కుదిరింది.

మునగాల దగ్గర నేల తీరు మారుతుంది. నిజాం రాజ్యం నడుమ ఉండి కూడా మునగాల పరగణా ఒకప్పుడు కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిషు గడ్డ. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన సంస్థానం. ఇక్కడి నుంచి మాటలోనూ తిండిలోనూ రెండు వైపులా కలిసిపోతాయి, ఉలవచారు పక్కన పచ్చిపులుసు కనబడుతుంది. అయితే నేలను మార్చింది పాత సరిహద్దు కాదు, కాలువ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టారు. అప్పటిదాకా ఈ మెట్టల్లో జొన్న, కంది, ఆముదం ప్రధానం. చలికాలం అంటే చేను కోసుకుని ఇంట్లో కూచునే కాలం. నీళ్ళొచ్చాక అది రెండో పంటకు మొదలయింది. ఆయకట్టు పల్లెల్లో డెబ్బై దాటినవాళ్ళను కదిలిస్తే రెండు చలికాలాలూ చెబుతారు. జొన్నరొట్టె తిని తీరిగ్గా మంట కాగిన కాలం ఒకటి, బురదలో కాలుపెట్టి వరన్నం తిన్న కాలం ఒకటి. మొదటిదాని మీద వాళ్ళకు బెంగ ఉంది. వెనక్కి పోతారా అంటే మాత్రం ఎవరూ పోతామనరు.

2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోతకు కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. కాలువ తెగితే ఏమవుతుందో అప్పుడు అందరికీ మళ్ళీ గుర్తొచ్చింది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో డిసెంబరు నెలాఖరున రోడ్డుకు రెండు పక్కలా రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒక పక్క ఆలస్యంగా కోసిన వానాకాలం వడ్లు ఆరబోసి ఉంటాయి. ప్రభుత్వం కొనాలంటే తేమ పదిహేడు శాతం దాటకూడదు. హార్వెస్టర్ కోసిన వడ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. పగలు ఎండకు దిగిన తేమ రాత్రి మంచుకు మళ్ళీ ఎక్కుతుంది. అందుకే పొద్దుగూకకముందే కుప్పచేసి పరదా కప్పడం, పొద్దున మంచు విడిచాక పరదా తీసి కాళ్ళతో సాళ్ళు తీస్తూ నేర్పడం. సన్న వడ్లకు క్వింటాలుకు అయిదు వందల రూపాయల బోనస్ 2024 వానాకాలం నుంచి మొదలయ్యాక ఈ కాపలా ఇంకా గట్టిపడింది. రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పంపిణీని 2025 ఉగాది నాడు మొదలుపెట్టింది ఈ హుజూర్‌నగర్‌లోనే.

రెండో పక్క యాసంగి నారుమళ్ళు. వరి నారుకు చలి గిట్టదు. ఆకు పసుపెక్కి, ఎదుగుదల నిలిచిపోయి, ఇరవై అయిదు రోజులకు రావాల్సిన నారు నెల దాటినా బెత్తెడే ఉంటుంది. దానికి ఇక్కడి రైతులు చేసేది పసిపిల్లల సంరక్షణే. సాయంత్రం మడికి నీళ్ళు పెడతారు, నేల కంటే నీరు వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది గనక. రాత్రంతా చల్లబడిన ఆ నీటిని పొద్దున్నే తీసేసి కొత్త నీరు పెడతారు. చిన్న మడి అయితే బద్దలు వంచి పైన పాలిథీన్ కవరు పరుస్తారు, ఎండ రాగానే తీసేస్తారు. “మనం కప్పుకునే ముందు నారుకు కప్పాలె సార్” అని నవ్వుతారు. ఆ నవ్వుకు వెనక పొద్దుటి నాలుగు గంటల మోటారు ఉంటుంది, కాళ్ళకు పట్టిన బురద ఉంటుంది.

నాటు వేసే కూలీల చలికాలం వేరు. తెల్లవారి ఏడు గంటలకు మోకాటి లోతు చల్లటి బురదలో వంగిన ఆడవాళ్ళను గట్టుమీద నిలబడి చూస్తూ పల్లె అందం అని మురిసిపోవడం కష్టం. వేళ్ళ సందులు ఒరుసుకుపోతాయి, నడుము పట్టేస్తుంది. ఈమధ్య బెంగాల్, బీహార్ నుంచి వచ్చిన మగ ముఠాలు కూడా నాట్లు వేస్తున్నాయి. అయినా పది గంటలకు ఎండ వీపుకు తగిలి, గట్టు మీద సద్ది విప్పుకుని, ఎవరి డబ్బాలో ఏముందో చూసుకుని పంచుకునే ఆ అరగంటలో నవ్వులు వింటే, అది ఎవరి కోసమో నవ్వే నవ్వు కాదని తెలుస్తుంది. చింతకాయ తొక్కుకు అక్కడ ఉండే గిరాకీ మరే కూరకూ ఉండదు.

నేరేడుచర్ల నుంచి పక్కకు మళ్ళితే పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా. ఏటా జనవరిలో ఉర్సు. గంధం ఊరేగింపు చూడటానికి ఎడ్లబండ్ల మీద వచ్చిన రోజులు పోయి ట్రాక్టర్లు, ఆటోల రోజులు వచ్చాయి గానీ కందూరు చేసే పద్ధతి మారలేదు. మొక్కుకున్న యాటను కోసి అక్కడే చెట్ల కింద పొయ్యి పెట్టి వండుతారు, దారినపోయేవాడిని కూడా పిలిచి కూచోబెడతారు. వచ్చేవాళ్ళలో హిందువులు ఎంతమంది, ముస్లింలు ఎంతమంది అని లెక్కపెట్టే పని పెట్టుకోవడం దండగ. నల్లగొండ పల్లెల్లో హిందూ ఇళ్ళలోనే సైదులు, సైదమ్మ అన్న పేర్లు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు. పొలాల మధ్య నారు పీకే వేళకు, నాట్లు ఊపందుకునే వేళకు నడుమ పడుతుంది ఈ ఉర్సు. రైతు తన పంచాంగంలో దానికీ ఒక పేజీ ఉంచుకున్నాడు.

మూసీ వంతెన దాటి మిర్యాలగూడ చేరేసరికి ఊరికంటే ముందు వాసన ఎదురొస్తుంది. ఉడికిన వడ్ల వాసన. ఇక్కడి మిల్లుల్లో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. అదే బాయిల్డ్ బియ్యం, ఎక్కువగా కేరళ, తమిళనాడుల అన్నం. వడ్లలో అయిదో వంతు ఊకే ఉంటుంది. బాయిలర్లకు ఆ ఊకే పొయ్యి. తవుడు నూనె మిల్లుకు పోతుంది. వడ్లలో పారేసేదంటూ పెద్దగా ఏమీ లేదు. ఊక బూడిద ఒక్కటే పట్టణాన్ని సతాయిస్తుంది, చలికాలపు పొద్దున గాలి కదలక పొగ కిందనే పరుచుకుంటుంది, ఆరేసిన బట్టల మీద నల్ల చుక్కలు పడతాయి. హమాలీలకు మాత్రం ఈ రోజుల్లో బాయిలర్ పక్కన పనే హాయి. మేలో ఎవరూ పోదలచుకోని ఆ మూలకు జనవరిలో వంతులు వేసుకుంటారు.

వాడపల్లి ఇక్కడికి దగ్గరే. దామరచర్ల మండలంలో కృష్ణలో మూసీ కలిసే చోట అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు పక్కపక్కన ఉన్నారు. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు చూపిస్తారు. స్వామి ముఖం ఎదుట ఉన్నది రెపరెపలాడుతుంది, కింద ఉన్నది నిలకడగా వెలుగుతుంది, అది స్వామి ఊపిరి అని అర్చకులు చెబుతారు. కార్తీకం నుంచి మాఘం దాకా రేవులో స్నానాలకు జనం ఉంటూనే ఉంటారు. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చిన మూసీ వైపు కాకుండా కృష్ణ వైపు మునగడం ఎలాగో అలవాటున్నవాళ్ళకు తెలుసు. అదే మండలంలో వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. పొద్దున రేవులో మునిగి లేచినవాడికి తూర్పున సూర్యుడే కాదు, ఆ ప్రాంతపు చిమ్నీలూ కొత్త లోకం సంగతి చెబుతాయి.

ఇక్కడి చలికాలానికి అందరికీ తెలిసిన గడువొకటి ఉంది. యాసంగి నాట్లు జనవరిలో ముగిసిపోవాలి. ఆలస్యమైతే గింజ పాలుపోసుకునే వేళ ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. ఆ వేడికి గింజ లోపల పగుళ్ళు వస్తాయి, పచ్చివడ్లుగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. ఉడకబెట్టి ఆడిస్తే గింజ గట్టిపడి నిలబడుతుంది గనక యాసంగి పంటకు మిర్యాలగూడ బాయిలర్లే దిక్కయ్యాయి. అందువల్ల ఆయకట్టు పల్లెల్లో పండుగ మూడు రోజులూ పూర్తిగా పండుగ కాదు. భోగి నాడు తలంటుకుని, కొత్త బియ్యపు పరమాన్నం తిని, పిల్లలు పతంగులు పట్టుకుని మిద్దెలెక్కగానే పెద్దవాళ్ళు పొలానికి బయల్దేరతారు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని ఏడాదంతా పాతబియ్యమే వండే ఇళ్ళలో కూడా పరమాన్నానికి కొత్తవే కావాలి. కనుమ మర్నాడు కూలీల ముఠాకు మాట ఇచ్చి ఉంటుంది. నీళ్ళు వంతుల మీద వస్తాయి. వంతు అర్ధరాత్రి పడితే ఒకరు టార్చిలైటు పట్టుకుని తూము దాకా నడుస్తారు, రెండోవాళ్ళు ఇంట్లో ఫ్లాస్కులో టీ పోసి ఇస్తారు.